రబ్బరు ఉంగరము కథ

పాత మోటారు కారు ఇంజనును పూర్తిగా విప్పి, ప్రతి భాగమును కడిగి, అరిగినదానిని మార్చి, మరల కూర్చుట చిన్న పని కాదు. సిలిండర్లను బోరు చేయించాలి. పిస్టను రింగులు కొత్తవి వేయాలి. క్రాంకు షాఫ్టును సాన పట్టించాలి. బేరింగులు, వాల్వులు సరిచూడాలి. దీనికి నెలలు పడుతుంది. డబ్బు ధారాళముగా ఖర్చవుతుంది. ఇంత శ్రమ జరిగిన తరువాత, చిటికెన వ్రేలికి సరిపోయే చిన్న రబ్బరు ఉంగరమును చూచి, “ఇది బాగానే ఉన్నది కదా” అని పాతదే ఉంచివేస్తే, ఆ శ్రమ అంతా ఒక్క గంటలో బూడిద కావచ్చును. ఇది అతిశయోక్తి కాదు. ఆ ఉంగరమునకు ఒక ప్రక్క ఒత్తిడిలో ఉన్న పెట్రోలు, మరొక ప్రక్క కాగిన ఇనుము ఉంటాయి. రెండింటి నడుమ ఉన్న గోడ ఆ రబ్బరు ఒక్కటే.

ఇంజనులోనికి పెట్రోలును సన్నని తుంపరగా చిమ్మే సాధనమును ఇంజెక్టరు అంటారు. దాని పై కొన పెట్రోలు గొట్టమునకు, క్రింది కొన గాలి గొట్టమునకు అమరి ఉంటాయి. పైనున్న సీలు పెట్రోలును బయటికి రానీయదు. క్రిందనున్న సీలు బయటి గాలిని లోపలికి పోనీయదు. ఈ సీలు పని మన ఇండ్లలో అందరికీ తెలిసినదే. ప్రెషర్ కుక్కరు మూతలోని రబ్బరు రింగు గట్టిపడితే ఆవిరి ప్రక్కల నుండి పోతుంది, విజిలు రాదు, వంట ఆలస్యమవుతుంది. ఇంజెక్టరు సీలు గట్టిపడితే నష్టము అంతటితో ఆగదు.

ఇంత సామాన్యముగా కనిపించే ఈ రబ్బరు ఉంగరము నేటి రూపమునకు వచ్చుటకు నూరేండ్లకు పైగా పట్టినది. దాని వెనుక ఆవిరి యంత్రాలు, యుద్ధ విమానాలు, రసాయన శాలలు, ఒక వృద్ధ శిల్పి పట్టుదల, ఏడుగురి ప్రాణాలు తీసిన ఒక ఘోర ప్రమాదము ఉన్నవి.

నార, కొవ్వు, తోలు

కదిలే భాగమునకు, కదలని భాగమునకు నడుమ సందు తప్పదు. సందు లేకపోతే కదలిక ఉండదు. సందు ఉంటే లోపలిది బయటికి కారుతుంది. యంత్ర నిర్మాతలను ఆదినుండి వేధించిన చిక్కు ఇదే.

జేమ్స్ వాట్ 1769లో ఆవిరి యంత్రమునకు పేటెంటు పొందినాడు. కాని పిస్టనుకు, సిలిండరుకు మధ్యనున్న సందులో నుండి ఆవిరి పోకుండ ఆపుట అతనికి ఎంతో కష్టమైనది. ఆ రోజులలో సిలిండర్లు నిజముగా గుండ్రముగా ఉండేవి కావు. పిస్టను చుట్టూ నారను చుట్టి, దానికి కొవ్వు పట్టించి, ఎట్లో నెట్టుకొని వచ్చేవారు. తరువాత జాన్ విల్కిన్సన్ సిలిండర్లను చక్కగా బోరు చేసే యంత్రమును నిర్మించిన పిమ్మట గాని వాట్ యంత్రము వ్యాపారమునకు పనికిరాలేదు. అప్పుడు కూడ నారచుట్ట తప్పలేదు; అది అరిగినప్పుడెల్లా మార్చవలసి వచ్చేది.

1795లో జోసెఫ్ బ్రామా ఇంగ్లండులో నీటి ఒత్తిడితో పనిచేసే ప్రెస్సుకు పేటెంటు తీసుకొన్నాడు. నీటి ఒత్తిడి ఆవిరి ఒత్తిడి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. నారచుట్టను గట్టిగా బిగిస్తే నీరు ఆగేది కాని దిమ్మె కదిలేది కాదు. వదులు చేస్తే దిమ్మె కదిలేది కాని నీరు చిమ్మేది. ఈ చిక్కును విప్పినవాడు బ్రామా వద్ద పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే అని యంత్ర చరిత్రకారులు చెప్పుతారు. అతడు తోలుతో గిన్నె అంచు వంటి పట్టీని చేసి గాడిలో కూర్చినాడు. నీటి ఒత్తిడి పెరిగినకొలదీ తోలు అంచు విచ్చుకొని దిమ్మెకు మరింత గట్టిగా అదుముకొంటుంది. ఒత్తిడి తగ్గితే అదే వదులవుతుంది.

సైకిలుకు గాలికొట్టే పాత పంపును విప్పి చూచిన పిల్లవాడు ఈ సూత్రమును కండ్లారా చూచినవాడే. లోపల గిన్నె ఆకారము గల తోలు వాషరు ఉంటుంది. కడ్డీని క్రిందికి త్రోసినప్పుడు గాలి దాని అంచును విప్పి గొట్టపు గోడకు అదుముతుంది. తోలు ఎండితే పంపు పనిచేయదు. రెండు చుక్కల నూనె వేస్తే మరల పనిచేస్తుంది. కారుటకు కారణమైన ఒత్తిడినే కారకుండ ఆపుటకు వినియోగించుట ఇందులోని మర్మము. ఇంజెక్టరు మీది రబ్బరు ఉంగరము కూడ ఈ మర్మము మీదనే ఆధారపడి ఉన్నది.

రబ్బరు రంగములోనికి వచ్చుట

చెట్టుపాల నుండి వచ్చిన పచ్చి రబ్బరు యంత్రాలకు పనికిరాదు. ఎండకు జిగురుగా కరుగుతుంది. చలికి రాయివలె బిగుస్తుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకు గంధకము కలిపి వేడిచేస్తే ఈ రెండు దోషాలూ పోవుటను గమనించినాడు. 1844లో అతనికి పేటెంటు లభించినది. రబ్బరు అణువులు పొడవైన దారముల వంటివి. పచ్చి రబ్బరులో ఆ దారాలు ఒకదానిపై ఒకటి జారిపోతాయి. గంధకము అక్కడక్కడ వాటిని ముడివేస్తుంది. అందుచేత సాగదీసి వదలితే రబ్బరు మరల తన ఆకారమునకు వస్తుంది.

సీలుకు కావలసిన గుణము ఈ తిరిగివచ్చుటయే. ఇనుమును నొక్కితే వంగిపోతుంది. బంకమన్నును నొక్కితే అట్లే ఉండిపోతుంది. రబ్బరును నొక్కితే అది ఎదురు నొక్కుతుంది. ఆ ఎదురు నొక్కుడు ఉన్నంత కాలమే అది సీలు. అది పోయిన నాడు ఉత్త రబ్బరు ముక్క.

1896లో స్వీడనులో జె. ఓ. లుండ్‌బెర్గ్ గుండ్రని రబ్బరు ఉంగరమును సీలుగా వాడుటకు పేటెంటు పొందినాడు. అయినను దానిని యంత్ర లోకము చాలకాలము పట్టించుకొనలేదు. పాత తోలు, నార, లోహపు పట్టీలతోనే పనులు సాగినవి.

డెన్మార్కు శిల్పి

నీల్స్ క్రిస్టెన్‌సెన్ 1865లో డెన్మార్కులో జన్మించినాడు. యంత్రశాలలో పని నేర్చి 1891లో అమెరికాకు వలస వెళ్లినాడు. వీధులలో నడిచే ట్రాము బండ్లకు గాలి బ్రేకులు రూపొందించి పేరు తెచ్చుకొన్నాడు. 1930 ప్రాంతములలో హైడ్రాలిక్ బ్రేకుల మీద పనిచేస్తూ, పిస్టను వద్ద ద్రవము కారకుండ ఆపుటకు ఏది మేలైన మార్గము అని వెతకసాగినాడు.

అతడు తేల్చినది చూచుటకు చాల సులభము. గుండ్రని అడ్డుకోత గల రబ్బరు ఉంగరము ఒకటి. అది కూర్చుండుటకు ఒక గాడి. గాడి లోతు ఉంగరపు మందము కంటె కొంచెము తక్కువ. వెడల్పు మందము కంటె కొంత ఎక్కువ. ఎవరైనా గాడిలో రబ్బరు ఉంగరము పెట్టగలరు. కొలతలు ఏ నిష్పత్తిలో ఉంటే అది అరగక, నలగక, మెలిపడక నిలుస్తుందో తేల్చుటలోనే క్రిస్టెన్‌సెన్ గొప్పతనము ఉన్నది. 1937లో, తన 72వ యేట, పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. 1939లో అది మంజూరైనది.

ఈ ఉంగరము పనిచేయు తీరు ఇట్లుంటుంది. గాడి లోతు తక్కువ కనుక ఉంగరము అమర్చగానే కొంచెము నొక్కుకుపోతుంది. ఆ నొక్కుడు వలన ఒత్తిడి లేనప్పుడు కూడ సందు మూసుకొని ఉంటుంది. ద్రవము ఒత్తిడితో వచ్చినప్పుడు ఉంగరమును గాడిలో అవతలి గోడకు త్రోస్తుంది. రబ్బరును నొక్కి దాని ఘనపరిమాణమును తగ్గించుట దాదాపు అసాధ్యము. ఒకవైపు నొక్కితే మరొకవైపు ఉబ్బుతుంది. కనుక ద్రవపు ఒత్తిడి రబ్బరు ద్వారా పైకి, క్రిందికి ప్రాకి సందును మరింత బిగిస్తుంది. మాడ్‌స్లే తోలు అంచు చేసిన పనినే ఇది ఇంకను సులభముగా చేస్తుంది. చోటు తక్కువ, ఖర్చు తక్కువ, అమర్చుట తేలిక.

అమెరికా సైనిక విమాన శాఖవారు ఒహాయోలోని రైట్ ఫీల్డులో ఈ ఉంగరములను విమానపు చక్రాలను దించే హైడ్రాలిక్ అమరికలో పరీక్షించి తృప్తి చెందినారు. రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా దిగగానే యుద్ధమునకు అవసరమైన పేటెంట్ల హక్కులను ప్రభుత్వము తన చేతిలోనికి తీసుకొన్నది. క్రిస్టెన్‌సెన్‌కు 75,000 డాలర్లు ముట్టినవి. ఎన్నో కర్మాగారాలు ఉంగరములను కోట్ల సంఖ్యలో చేయసాగినవి. తగిన ప్రతిఫలము కొరకు అతడు పోరాడుతూనే 1952లో మరణించినాడు. 1971లో, అతడు పోయిన 19 ఏండ్లకు, వారసులకు మరి 1,00,000 డాలర్లు లభించినవి. ప్రపంచములో ఎన్నో యంత్రములలో అతని ఉంగరము ఉన్నది. దాని వెనుకనున్న పేరు మాత్రము ఎక్కువమందికి తెలియదు.

పెట్రోలుకు లొంగని రబ్బరు

ఇంతవరకు ఆకారము సంగతి. పదార్థము సంగతి మరొకటి. చెట్టు రబ్బరు, పెట్రోలు రెండును హైడ్రోకార్బనులే. ఒకే జాతివి కనుక పెట్రోలు రబ్బరు అణువుల నడుమ సులభముగా చొరబడుతుంది. చెట్టు రబ్బరు ముక్కను పెట్రోలులో వేసి ఉంచితే ఉబ్బి, మెత్తబడి, బలము కోల్పోతుంది. అట్టి ఉంగరము పెట్రోలును ఆపజాలదు.

1930 దశాబ్ది ఆరంభములో జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ సంస్థలో పనిచేసిన ఎరిక్ కోన్రాడ్, ఎడ్వర్డ్ చుంకుర్ అను రసాయన శాస్త్రజ్ఞులు బ్యూటాడీను, అక్రిలోనైట్రైలు అను రెండు పదార్థాలను కలిపి కొత్త రబ్బరు చేశారు. దీనినే నైట్రైలు రబ్బరు అంటున్నారు. అక్రిలోనైట్రైలు భాగమునకు విద్యుత్ ధ్రువత్వము కలదు. అది పెట్రోలు జాతికి చెందనిది. కనుక పెట్రోలు దానిలోనికి సులభముగా చొరబడలేదు. ఆ భాగము ఎక్కువైతే నూనెలకు, పెట్రోలుకు ఓర్పు పెరుగుతుంది. కాని చలిలో మెత్తదనము తగ్గుతుంది. ఒక గుణము కావాలంటే మరొకటి కొంత వదులుకొనవలసినదే. క్రిస్టెన్‌సెన్ ఆకారము, నైట్రైలు పదార్థము కలిసిన తరువాతనే ఇంధన సీలు నమ్మదగినదైనది.

విమానాల వేగము పెరిగి ఇంజనులు మరింత వేడెక్కసాగినవి. ఆ వేడికి నైట్రైలు గట్టిపడి పగులుతుంది. 1957లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ వైటాన్ అను పేరుతో ఫ్లోరిన్ కలిగిన రబ్బరును విడుదల చేసినది. ఫ్లోరిన్, కార్బనుల బంధము చాల గట్టిది. అందుచేత ఈ రబ్బరు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కూడ దీర్ఘకాలము ఓర్చుకొంటుంది; పెట్రోలుకు, నూనెకు చెక్కుచెదరదు. కాని చలికి ఇది త్వరగా బిగుసుకుపోతుంది. ఈ లోపమే ఒకనాడు లోకమును కంటతడి పెట్టించినది. ఆ సంగతి ముందు వస్తుంది.

కార్బురేటరు నుండి ఇంజెక్టరునకు

చాలకాలము పెట్రోలు కార్లలో ఇంజెక్టరు లేదు. కార్బురేటరు ఉండేది. లోపలికి పోయే గాలి తనంతట తానే పెట్రోలును పీల్చుకొని పోయేది. ఒత్తిడి స్వల్పము కనుక సీలుకు పెద్ద పరీక్ష లేదు. ఇంధనమును బలముగా చిమ్మే పద్ధతి డీజిల్ ఇంజనులతో వచ్చినది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపిన ఇంజనులో ఇంధనమును కుదించిన గాలితో ఊదేవారు. జర్మనీలోని బాష్ సంస్థ 1927లో డీజిల్ ఇంజెక్షను పంపులను పెద్దయెత్తున తయారు చేయసాగినది. అదే విద్య తరువాత పెట్రోలుతో నడిచే యుద్ధ విమానాలకు వెళ్లినది. యుద్ధానంతరము గుట్‌బ్రాడ్, గోలియత్ అను చిన్న జర్మన్ కార్లకు వచ్చినది. 1954లో న్యూయార్కులో ప్రదర్శించిన మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారుతో లోకప్రసిద్ధమైనది.

ఇవన్నీ యాంత్రిక పద్ధతులు. విద్యుత్తుతో తెరచి మూసే ఇంజెక్టరును అమెరికాలోని బెండిక్స్ సంస్థ 1957లో ప్రకటించినది. ఆ కాలపు ఎలక్ట్రానిక్ భాగాలు కారులోని వేడికి, కుదుపునకు నిలువలేదు. అమర్చిన కొద్ది కార్లలోను చాల భాగమునకు మరల కార్బురేటర్లే పెట్టవలసి వచ్చినది. ఆ పేటెంట్ల హక్కులు పొంది, ట్రాన్సిస్టర్ల సాయముతో బాష్ సంస్థ డి-జెట్రానిక్ అను పద్ధతిని సిద్ధము చేసినది. 1967లో అది అమెరికాకు పంపిన వోక్స్‌వాగన్ 1600 కార్లలో వచ్చినది. అమెరికాలో కారు పొగ మీద కట్టుబాట్లు బిగిసిన కాలమది. పొగ తగ్గాలంటే పెట్రోలును కొలిచి చిమ్మాలి. తరువాత సాబ్, వోల్వో, సిట్రోయెన్, మెర్సిడెస్ కార్లలోను ఈ పద్ధతి ప్రవేశించినది. 1973 నుండి దాని వెంట కె-జెట్రానిక్, ఎల్-జెట్రానిక్ పద్ధతులు వచ్చినవి.

డి-జెట్రానిక్‌లో పెట్రోలు ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడికి సుమారు 2 రెట్లు ఉంటుంది. కె-జెట్రానిక్‌లో సుమారు 5 రెట్లు. కార్బురేటరులో సీలు చెడితే పెట్రోలు చెమ్మగిల్లేది. ఇంజెక్టరు వద్ద సీలు చెడితే పెట్రోలు పిచికారీ వలె చిమ్ముతుంది. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడ మండగల ఆవిరిని వెలువరిస్తుంది. ఇంజనులోనో నిప్పురవ్వలకు, కాగిన పొగ గొట్టములకు కొదువ లేదు. రబ్బరు ఉంగరమునకు ఇంత బాధ్యత వచ్చినది ఈ కాలములోనే.

సీలు ఎట్లు చెడుతుంది

ఆనాటి కార్లు ఇప్పుడు అరువది ఏండ్లకు చేరువగా ఉన్నవి. వాటిని అపురూపముగా పునరుద్ధరించువారు జర్మనీ, అమెరికా, ఇంగ్లండులలో ఎక్కువ; మన దేశములోను ఉన్నారు. ఇంజను విప్పినప్పుడు ఇంజెక్టరు మీది ఉంగరము తరచుగా గుండ్రముగా ఉండదు. నొక్కుకొన్న చోట చదునుగా, బల్లపరుపుగా మారి ఉంటుంది. గోటితో నొక్కితే ప్లాస్టిక్కు వలె గట్టిగా తగులుతుంది. వేడిమి వలన, గాలిలోని ఆమ్లజని వలన రబ్బరు అణువుల నడుమ కొత్త ముడులు పడి, నొక్కిన ఆకారమే దాని సొంత ఆకారమైపోయినది. ఎదురు నొక్కుట మానివేసినది.

మరొక కారణము కూడ ఉన్నది. రబ్బరును మెత్తగా ఉంచుటకు తయారీలో కొన్ని నూనెలు కలుపుతారు. పెట్రోలు ఈ నూనెలను నెమ్మదిగా కడిగివేస్తుంది. కారు నడుస్తున్నంత కాలము పెట్రోలు తానే రబ్బరులో చేరి దానిని ఉబ్బించి ఉంచుతుంది కనుక లోపము కనపడదు. కారు కొన్నేండ్లు షెడ్డులో నిలిచిపోతే పెట్రోలు ఆరిపోతుంది. ఉంగరము కుంచించుకొని పగుళ్లిస్తుంది. నడిచిన కారు కంటె నిలిచిన కారులో సీళ్లు త్వరగా చెడుట చూచి చాలమంది ఆశ్చర్యపడుటకు కారణము ఇదే.

పై సీలు చెడితే పెట్రోలు వాసన, తడి కనిపిస్తాయి. క్రింది సీలు చెడితే గుర్తించుట కష్టము. ఎల్-జెట్రానిక్‌లో లోపలికి పోయే గాలిని ఒక రెక్క కొలుస్తుంది. చెడిన సీలు ప్రక్కనుండి దూరిన గాలి ఆ కొలతకు అందదు. గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజను నిలకడ లేకుండ కొట్టుకొంటుంది. డి-జెట్రానిక్‌లో గాలిని కొలువరు. గాలి గొట్టములోని ఒత్తిడిని కొలుస్తారు. దొంగగాలి దూరితే ఒత్తిడి పెరుగుతుంది. యంత్రము దానిని చూచి పెట్రోలును కూడ పెంచుతుంది. కనుక ఇంజను కొట్టుకొనుటకు బదులు, ఖాళీగా ఉన్నప్పుడు కూడ అనవసరమైన వేగముతో తిరుగుతుంది. వ్యాధి ఒక్కటే, లక్షణాలు రెండు. ఇది తెలియని మెకానిక్కు ఏ దోషము లేని భాగములను మార్చుతూ పోతాడు.

మార్చు పద్ధతి

మార్చుట కష్టము కాదు, ఓపిక కావాలి. ముందు బ్యాటరీ తీగె తీసివేయాలి. ఇంజను చల్లబడాలి. దగ్గరలో మంట, సిగరెట్టు, నిప్పురవ్వ ఉండరాదు. మంటలార్పు సాధనము చేతికి అందేటట్లు ఉండాలి. గొట్టములోని ఒత్తిడిని నెమ్మదిగా విడిపించి, కారే పెట్రోలును గుడ్డలోనో గిన్నెలోనో పట్టాలి. ఆ తరువాతనే ఇంజెక్టరును తీయాలి.

పాత ఉంగరమును ఇనుప మొనతో పెకలించరాదు. గాడి మీద పడిన సన్నని గీత చాలు, పెట్రోలుకు అది కాలువ అవుతుంది. చెక్క పుల్లో, ప్లాస్టిక్కు కొనో వాడాలి. గాడిని శుభ్రముగా తుడవాలి. ఒక్క ఇసుక రేణువు కూడ మిగలరాదు. కొత్త ఉంగరము వ్యాసమే కాదు, మందము కూడ సరిపోవాలి. సన్నదైతే నొక్కుడు చాలదు. లావైతే గాడిలో ఇమడక అంచు తెగుతుంది. పైకి ఒకే నలుపుతో ఉన్నంత మాత్రమున రెండు ఉంగరములు ఒకే పదార్థము కానక్కర లేదు. నీటి కుళాయికి పనికివచ్చినది పెట్రోలుకు పనికిరాదు. బ్రేకు నూనెకు అనువైన ఇ.పి.డి.ఎం. రబ్బరు పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది. నైట్రైలు గాని, ఫ్లోరిన్ రబ్బరు గాని అని నిర్ధారణ చేసికొని కొనాలి.

అమర్చునప్పుడు ఉంగరమునకు శుభ్రమైన ఇంజను నూనె పలుచగా రాయాలి. పొడిగా త్రోస్తే అది మెలిపడి, ఒకచోట తెగుతుంది. ఇంజెక్టరును చేతితో నిటారుగా అదమాలి. సుత్తి పని లేదు. డి-జెట్రానిక్ ఇంజెక్టరుకు పై కొనలో రబ్బరు గొట్టమే బిగించి ఉంటుంది. అదియును ఉంగరముతో ఈడుదే కనుక దానిని కూడ, ఇంధనపు ఒత్తిడికి తగిన జాతి గొట్టముతో, మార్చాలి. అన్నీ కూర్చిన తరువాత వెంటనే ఇంజను నడుపరాదు. తాళము త్రిప్పి పంపు ఒత్తిడిని మాత్రము తెప్పించి, ప్రతి అతుకును కంటితో చూచి, వ్రేలితో తడిమి, తడి లేదని తేలిన తరువాతనే నడపాలి. ఒక ఇంజెక్టరు సీలు చెడితే తక్కినవాటిని కూడ మార్చుట మంచిది. అవన్నీ ఒకే రోజున పుట్టి, ఒకే వేడిలో పెరిగినవి.

మంచునీటిలో రబ్బరు ముక్క

చిన్న ఉంగరమును తక్కువగా చూచుట ఎంత ప్రమాదమో 1986 జనవరి 28న లోకమునకు తెలిసినది. ఆ ఉదయము అమెరికాలోని ఫ్లోరిడాలో గడ్డకట్టే చలి పడినది. ఛాలెంజర్ అను అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకనులకు విచ్ఛిన్నమైనది. అందులోని ఏడుగురు మరణించినారు. నౌకను మోసిన ఘన ఇంధన రాకెట్టు అతుకులలో ఫ్లోరిన్ రబ్బరు ఉంగరములు ఉన్నవి. వాటి మందము సుమారు 7 మిల్లీమీటర్లు. రాకెట్టు రగిలినప్పుడు అతుకు కొంచెము విచ్చుకొంటుంది. ఉంగరము సెకనులో అత్యల్ప భాగములో ఉబ్బి ఆ సందును మూయాలి. చలికి బిగుసుకొన్న రబ్బరు సకాలములో ఉబ్బలేదు. వేడి వాయువులు దారి చేసికొన్నవి. ముందునాటి రాత్రియే రాకెట్టు ఇంజనీర్లు చలి సంగతి చెప్పి ప్రయోగము వద్దన్నారు. వారి మాట చెల్లలేదు.

విచారణ సంఘములో సభ్యుడైన భౌతిక శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ అందరి యెదుట ఆ రబ్బరు ముక్కను చిన్న బిగింపుతో నొక్కి మంచునీటి గ్లాసులో ఉంచినాడు. తీసి బిగింపు విప్పగా రబ్బరు వెంటనే తన ఆకారమునకు రాలేదు. వేల పుటల నివేదిక చెప్పవలసినదానిని ఒక గ్లాసు మంచునీరు చెప్పినది. షెడ్డులోని పాత కారులో చదునైన ఉంగరము, ఛాలెంజర్‌లో బిగిసిన ఉంగరము తప్పినది ఒకే ధర్మము: తిరిగివచ్చుట.

మన ముంగిటికి వచ్చిన ప్రశ్న

మన దేశములో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లు కార్బురేటర్లతో ఎన్నో ఏండ్లు నడిచినవి. 2000 సంవత్సరములో పొగ నిబంధనలు దేశమంతటా బిగిసిన తరువాత కార్లలో ఇంజెక్టర్లు సాధారణమైనవి. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధనలు రాగా మోటారు సైకిళ్లు, స్కూటర్లు కూడ ఇంజెక్టర్ల దారి పట్టినవి. ఒకప్పుడు జర్మన్ కార్లలో మాత్రమే ఉన్న ఉంగరము నేడు మన ఊరి వీధిలో తిరిగే స్కూటరులోను ఉన్నది.

ఇంతలో ఇంధనము కూడ మారినది. చెరకు మడ్డి, ధాన్యము మొదలగువాటి నుండి తీసిన ఇథనాలును పెట్రోలులో కలుపుట 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రములలో 5 శాతముతో మొదలైనది. 2022లో దేశమంతటా 10 శాతమునకు, 2025లో 20 శాతమునకు చేరినది. విదేశీ చమురు మీద ఆధారము తగ్గుట, రైతుకు రాబడి కలుగుట ఇందలి ఉద్దేశము. కాని ఇథనాలు పెట్రోలు జాతిది కాదు. దానికి ధ్రువత్వము కలదు. పెట్రోలును దూరముగా ఉంచిన నైట్రైలులోని ధ్రువ భాగమే ఇథనాలును కొంత ఆహ్వానిస్తుంది. రెండును కలిసిన మిశ్రమములో పాత నైట్రైలు ఉంగరము విడివిడి ద్రవములలో కంటె ఎక్కువగా ఉబ్బుట కలదు. 2023 ఏప్రిల్ నుండి తయారైన వాహనములలో 20 శాతము ఇథనాలుకు తగిన పదార్థములే వాడుతున్నారు. అంతకు ముందటి బండ్లలో, విశేషించి చాల పాత కార్లలో, సీళ్లను, గొట్టములను పరిశీలించి తగిన ఫ్లోరిన్ రబ్బరువి వేయుట వివేకము.

ఇంజను పునర్నిర్మాణములో ఖరీదైన భాగములు చెడితే ఇంజను ఆగిపోతుంది. ఆగిన ఇంజనును మరల నడిపించవచ్చును. కొద్ది రూపాయల సీలు చెడితే బండియే దగ్ధము కావచ్చును, బండిలోనివారికి అపాయము కలుగవచ్చును. వాట్ నారచుట్ట నుండి నేటి ఫ్లోరిన్ రబ్బరు వరకు శాస్త్రజ్ఞులు, శిల్పులు సాధించినదంతా ఆ చిన్న ఉంగరములో ఇమిడి ఉన్నది. అయినను అది శాశ్వతము కాదు. తన వయస్సు అయిపోయినదని అది నోటితో చెప్పదు. చదునైన తన ఆకారముతో చెప్పుతుంది. ఇంజను విప్పినవాడు దానిని ఒకసారి వ్రేళ్ల మధ్య నొక్కి చూచి, తిరిగిరానిదానిని ప్రక్కన పెట్టి, కొత్తదానిని వేయుట చాలును.